కొండవైపు తలుపు

పొద్దున్నుంచీ చెల్లెలు కొండవాలు మీద కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. తను గీసిన నక్షాలతో ఎన్నో ఇళ్లు లేచాయి గానీ, సొంత అక్కాబావలకు ఇల్లు గీయడం ఇదే మొదటిసారి. ఇదే ఆఖరుసారి కూడా అని ఈమధ్య రోజూ ఒట్టు పెట్టుకుంటోంది.

నక్షాలో ఇల్లు మాత్రం చూడముచ్చటైనదే. సగం కొండలోకి దూరి ఉంటుంది, సగం సరస్సులోకి తొంగిచూస్తుంది. ముందంతా అద్దాలు, పైకప్పు మీద పచ్చగడ్డి. అక్క గది వెనకాల, కొండను తొలిచే చోట. అందులోకి వెళ్లాలన్నా, బయటికి రావాలన్నా హాలు దాటాలి. హాల్లో బావ ఉంటాడు.

పెళ్లయిన నాటినుంచీ, ఏ ఇంట్లో ఉన్నా, బావ హాల్లోనే ఉన్నాడు. అరవడు, కొట్టడు, అడుగుతాడంతే. ఎక్కడికి, ఎవరితో, ఎంతసేపు, ఆ కొత్త చెప్పులెందుకు. జవాబులు చెప్పీ చెప్పీ అక్క గడప దాటడమే మానేసింది. అలాంటి అక్క ఆమధ్య ఫోన్ చేసి, "నా గదికి వెనకనుంచి ఒక తలుపు పెట్టవే, పైన రోడ్డు మీదికి" అంది.

చెల్లెలు నీళ్లు నమిలింది. మట్టిని ఆపే గోడకు తలుపు పెడితే కొండలో ఊరే నీరంతా గదిలోకే వస్తుంది. "కుదరదక్కా" అనేసింది. వెనకాల మరికాస్త తవ్వి కాలువ కడితే కుదురుతుందని ఆమెకు తెలుసు. బావతో గొడవెందుకని ఆ మాట మింగేసింది. అప్పటినుంచీ కంటిమీద కునుకు లేదు.

రేపే తవ్వకం మొదలు. అందుకని గదులన్నీ నేలమీద సున్నంతో గీసి, ఇద్దరినీ నడిచి చూసుకోమంది.

బావ గోడలన్నీ తొక్కుకుంటూ తిరిగాడు. "హాలు ఇంకాస్త పెంచు మరదలు పిల్లా. నేనిక్కడ కూర్చుంటే ఇల్లంతా కనబడాలి."

అక్క మాత్రం గుమ్మాలు గీసిన చోటినుంచే, ఒద్దికగా నడిచి, తన గదిలోకి వెళ్లి నిలబడింది.

"ఎలా ఉందే నీ గది?" బావ హాల్లోంచి అడిగాడు.

"బాగుందండీ."

ఆ మాట వినేసరికి చెల్లెలికి అరికాలిమంట నెత్తికెక్కింది. బావ మీద కాదు, తనమీద తనకే. సున్నం డబ్బా పట్టుకెళ్లి, వెనక గోడ గీతను చెప్పుకాలితో చెరిపేసి, అక్కడొక గుమ్మం గీసింది.

"అదేంటి?" అన్నాడు బావ.

"తలుపు బావగారూ."

"అక్కడైతే నీళ్లొస్తాయన్నావట కదా, మీ అక్క చెప్పింది."

"కాలువ కట్టి మళ్లిస్తాను. ఆ సంగతి అక్కకి చెప్పలేదు. తప్పు నాదే."

బావ నవ్వాడు. "అయినా వెనకనుంచి ఎక్కడికి వెళ్లాలిట మీ అక్క?"

అక్క బ్యాగు భుజాన సర్దుకుని, ఆ సున్నపు గుమ్మంలోంచి బయటికి నడిచింది. ఊరికే నడిచి చూసుకుంటోంది, వెనక్కి వస్తుందిలే అనుకుంది చెల్లెలు. అక్క రాలేదు. గడ్డిదుబ్బులు పట్టుకుని వాలు ఎక్కింది. రోడ్డు మీదికి చేరి, చీర దులుపుకుని, బస్టాపు వైపు నడవసాగింది.

"ఎక్కడికే?" అని బావ అడిగాడు. మళ్లీ అడిగాడు. తర్వాత మరదలి వైపు తిరిగాడు. "ఎక్కడికెళ్తోంది మీ అక్క?"

"తెలీదు బావగారూ."

నిజంగానే తెలీదు. భయం కూడా వేసింది. అయినా అక్క రోడ్డు మలుపు తిరిగేదాకా కళ్లప్పగించి చూస్తూ, వెనక్కి రావద్దని గట్టిగా కోరుకుంది.