మేస్త్రి దిద్దిన కరపత్రం

మేస్త్రికి ఆ ఇంట్లో జరిగినంత సేవ మరే ఇంట్లోనూ జరిగి ఉండదు. పొద్దున మొహం కడుక్కోవడానికి నీళ్లు మంచం దగ్గరికే వచ్చేవి. టీ వచ్చేది, పేపరు వచ్చేది, కంచం వచ్చేది. చేతిలోంచి కళ్లజోడు జారితే ఆయన వంగేలోపే భార్య పరుగున వచ్చి అందించేది. చూడవచ్చినవాళ్లు, ఎంత అదృష్టవంతుడండీ అని మెచ్చుకుని వెళ్లేవారు. ఆ అదృష్టమే మనిషిని కొద్దికొద్దిగా తినేస్తోందని ఒక్కరికీ తట్టలేదు.

కింద ప్రింటింగ్ ప్రెస్సు, పైన ఇల్లు. ముప్పై ఏళ్లు మెషీన్ మీద పనిచేసి పనివాళ్లందరి చేత మేస్త్రి అనిపించుకున్న ఆయన ఒకనాడు మెట్ల మీంచి జారి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు బరువులు ఎత్తొద్దన్నాడు ఎముకల డాక్టరు. ఇంట్లోవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. భుజం చక్కగా అతుక్కుంది గానీ మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు నెలలైంది. తిండి సగమైంది. మాట ‘ఊఁ’ దగ్గర ఆగిపోయింది.

ప్రెస్సు చూసుకుంటున్న తమ్ముడికి లోపల ఒకటే గుబులు, అన్నయ్య ఇక లేవడేమోనని. ఆ మాట వదిన ముందు అనే ధైర్యం లేదు. ఎవరైనా అడిగితే కాస్త నీరసం అనేవాడు. కాలు విరిగితే కట్టు చూపించుకుంటూ ఊరంతా తిరుగుతాం. మనసుకి జబ్బు చేస్తే మాత్రం తలుపేసుకుంటాం. మన తెలివి అలా ఏడిచింది.

ఆ రోజుల్లోనే ఆరోగ్య కేంద్రం నుంచి ఒక పని వచ్చింది. దిగులు జబ్బు మీద పెద్ద పరిశోధన జరిగిందట. అందులో తేలిన విషయాన్ని ఇంటింటికీ పంచడానికి రెండు వేల కరపత్రాలు వేయాలి.

అచ్చుకెక్కే ముందు ఒకరు రాతప్రతిని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు దిద్దాలి. అది మేస్త్రి పెట్టిన పద్ధతి. ఆరోజు చదివే అమ్మాయికి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలే తప్ప మాట రావడం లేదు. పదకొండింటికి కేంద్రం డాక్టరమ్మ ప్రూఫు చూడ్డానికి వస్తుంది. గత్యంతరం లేక తమ్ముడు కాగితాలు పట్టుకుని మేడెక్కాడు.

వదిన గుమ్మంలోనే అడ్డుకుంది. చదవడమే కదా వదినా అని బతిమాలితే, పడుకునే చదివితే సరే అని రాజీకొచ్చింది.

మేస్త్రి బద్ధకంగా ఇటు తిరిగాడు. మూడు వాక్యాలు నిద్రగొంతుతో, కామా కామా అంటూ చదివాడు. నాలుగో దాని మధ్యలో ఆగి, మళ్లీ ఆ వాక్యం మొదటికొచ్చాడు.

“వ్యాకులతాగ్రస్తులయందు ప్రవర్తనా క్రియాశీలీకరణ ద్వారా సానుకూల పునర్బలనము పెంపొందింపబడవలెను, ఫుల్‌స్టాప్. ఏంట్రా ఇది, తిట్టా దీవెనా?”

తమ్ముడికి నవ్వొచ్చింది. ఆ వెనకే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు నెలల్లో అన్న నోటివెంట వచ్చిన మొదటి పూర్తి మాట అది.

“మనకెందుకన్నయ్యా, వాళ్లు రాసింది మనం వేస్తాం.”

“ఇంటింటికీ పంచేదంటున్నావు. ఏ ఇంట్లో అర్థమవుతుందిది? పొట్లం కట్టుకుందామన్నా కాగితం పల్చనాయె.”

డాక్టరమ్మ వచ్చాక తమ్ముడు నసుగుతూ సంగతి చెప్పాడు. ఆవిడ కోపం తెచ్చుకోలేదు సరికదా, నవ్వుతూ మెట్లెక్కి పైకి వచ్చింది. ఇంగ్లీషు రిపోర్టు ముందు పెట్టుకుని పదానికి పదం దించేశామని, తనకే రెండుసార్లు చదివితే గానీ తలకెక్కలేదని ఒప్పుకుంది. పెద్ద చదువులవాళ్లు అలా ఒప్పుకోవడం తమ్ముడు అంతకుముందు ఎరగడు.

మేస్త్రి దిండు వీపు వెనక్కి జరుపుకుని లేచి కూర్చున్నాడు. పెన్సిలు అడిగాడు.

“ఇదే సంగతి మీ నాన్నగారికి చెప్పాలంటే ఎలా చెప్తారో చెప్పండమ్మా. నేను రాసుకుంటా.”

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “నాన్నా, మనసు కుదుటపడ్డాక పని చేస్తానని కూర్చోకు. ముందు ఒక చిన్న పని పెట్టుకో. ఇష్టం లేకపోయినా రోజూ ఒకే వేళకి చెయ్యి. మనసు నెమ్మదిగా వెనకాలే వస్తుంది. ఇంట్లోవాళ్లకీ ఒక మాట. ప్రేమతోనే అయినా, మనిషి చేతిలో పనులన్నీ లాగేసుకోకండి.”

పెన్సిలు ఆగిపోయింది. గుమ్మంలో పళ్లముక్కల పళ్లెంతో వదిన నిలబడిపోయింది. తమ్ముడు నేలవంక చూశాడు. ఆ మాటలు ఎవరికి తగులుతాయో డాక్టరమ్మకి తప్ప ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది.

మేస్త్రే అడిగాడు. “చిన్న పని అంటే ఎంత చిన్నదమ్మా?”

“దుప్పటి మడత పెట్టుకున్నా చాలండి. రోజూ చెయ్యాలి, అంతే.” అప్పుడు ఆవిడ ఆయన్ని తేరిపార చూసింది. గురువారం ఒకసారి కేంద్రానికి రమ్మని, కొందరికి మందులూ కావాల్సి వస్తాయని మెల్లగా చెప్పింది.

మేస్త్రి ఆ మధ్యాహ్నమే అక్షరాల సైజు తేల్చడానికి కిందికి దిగాడు. అలాగని అంతటితో మబ్బులు విడిపోయాయని అనుకోకండి. మర్నాడు మళ్లీ గోడవైపే తిరిగాడు. మూడోనాడు తొమ్మిదింటికి దిగి ఒక్క పేజీ ప్రూఫు చూసి వెళ్లిపోయాడు. గురువారం తమ్ముణ్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. వదిన పాట్లు వేరు. ఆయన తన కంచం తను కడుక్కుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఆవిడకి పెద్ద శిక్ష. రెండు నెలలకి ఒక పేజీ పది పేజీలైంది. మెషీన్ దగ్గర కేకలు మళ్లీ మొదలయ్యాయి. పనివాళ్లు మొహాలు ముడుచుకున్నట్టు నటిస్తూ లోలోపల సంబరపడ్డారు.

ఆ రోజు మేస్త్రి రాసుకున్న మాటలతోనే అచ్చయిన కరపత్రం చదివి చాలామంది ఆరోగ్య కేంద్రం మెట్లెక్కారు. తమవాళ్లని ఎలా లేపి కూర్చోబెట్టాలో అడగడానికి ఒకనాడు వాళ్లంతా అక్కడ చేరారు. డాక్టరమ్మ మేస్త్రిని కూడా మాట్లాడమంది. ఆయన గొంతు సవరించుకుని ఇలా అన్నాడు.

“కష్టపడి ఇది కనిపెట్టినవాళ్లకి ఒక దండం. కానీ అది వాళ్ల పుస్తకాల్లోనే ఉండిపోతే నేనింకా గోడ చూస్తూనే ఉండేవాణ్ని. మన ఇంట్లో, మన చేతులతో, పొద్దున్నే చేసుకోగలిగేలా దాన్ని విడమరిచి చెప్పడం కూడా వైద్యమే.”