దొంగిలించదగ్గ మొక్క

అప్పలసూరి బకెట్టు వంచి గులాబీ మొదట్లో నీళ్ళు పోశాడు. నిన్న పోసినవే ఇంకా ఇంకలేదు. అయినా పక్క కుండీకి పోశాడు, దాని పక్క దానికీ పోశాడు. నీళ్ళు అంచులు దాటి క్వార్టరు ముందు జాగా అంతా పాకి, గోడ వారన మడుగు కట్టాయి.

"ఇల్లు కాళీ సేసి ఎల్లిపోతన్నాం. ఇంకా ఏటి నీలు పోత్తారు?" వరండాలో గిన్నెలు మూట కడుతూ అంది వరలక్ష్మమ్మ. "ఈ మొక్కలు సచ్చేది దాహంతో కాదండీ, మీతో."

"ఎండెక్కుతంది గదే."

"జనవరి నెల్లో ఎండేటి?"

అప్పలసూరి బకెట్టు బోర్లించాడు. సన్నటి మనిషి. కాస్త ముందుకు వంగిన భుజాలు, వేడికి పలచబడిపోయిన కనుబొమలు. ఉద్యోగమంతా రాయపూర్ దగ్గరి స్టీల్‌ ప్లాంటులో కన్వేయర్ బెల్టు పక్కన నడవడమే. బెల్టు ఎక్కడైనా చిరిగిందా, రాయి ఇరుక్కుందా అని చూస్తూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాడు. బెల్టు తిరిగినంత కాలం అతనక్కడ ఉన్నాడని ఎవరికీ గుర్తుండేది కాదు. ఎర్ర దుమ్ములో, సెగలో గొంతు ఎప్పుడూ ఎండిపోతూ ఉండేది. అందుకేనేమో, ఏ మొక్కను చూసినా దానికి దాహంగా ఉందని అనిపించేది.

రిటైరయ్యే ముందు కాలక్షేపం కోసం తెలుగువాళ్ళ గార్డెన్ క్లబ్బులో చేరాడు. నెలకొక ఆదివారం ఒకరింటికి వెళ్ళి తోట చూస్తారు. అప్పుడప్పుడు బస్సు మాట్లాడుకుని నర్సరీలకు వెళతారు. రాయపూర్ దారిలో ఉన్న కుమ్హారి నర్సరీకి వెళ్ళినప్పుడు మంచినీళ్ళ క్యాను అప్పలసూరికి అప్పగించారు. మనుషులకు ఇవ్వగా మిగిలినవి అక్కడి బంతి మొక్కలకు పోశాడు. నర్సరీ యజమాని "అరే అంకుల్, బస్ కరో!" అని, ఇక చాలు ఆపమంటూ పరిగెత్తుకొచ్చాడు. తిరుగు దారి పొడవునా బస్సులో అదే నవ్వు. అప్పలసూరి కూడా నవ్వాడు.

క్లబ్బులో ఒక ఆచారం ఉంది. ఎవరూ ఎవరికీ మొక్క ఇవ్వరు. అడిగి తెచ్చుకున్న కొమ్మ బతకదనీ, దొంగిలించినదే ఏపుగా పెరుగుతుందనీ వాళ్ళ నమ్మకం. అందుకని ఇంటివాళ్ళు టీ పేరుతో లోపలికి వెళ్ళి తీరిగ్గా వస్తారు. ఆలోగా వచ్చినవాళ్ళు నచ్చిన కొమ్మ తుంచి సంచిలో వేసుకుంటారు. ఇంటివాళ్ళు చూడకూడదు, చూసినా చూశామని అనకూడదు. అన్నారంటే ఆ కొమ్మ ఎండిపోతుంది.

అప్పలసూరి అందరి ఇళ్ళలోనూ దొంగతనం చేశాడు. తెచ్చినవన్నీ నీళ్ళెక్కువై కుళ్ళిపోయాయి. తన ఇంటి వంతు వచ్చినప్పుడు మాత్రం ఎవరూ ఏమీ తీయలేదు. టీ తాగి, బిస్కెట్లు బాగున్నాయని చెప్పి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక ప్రతి కుండీ దగ్గరా వంగి చూసుకున్నాడు. ఒక్క ఆకు కూడా తగ్గలేదు.

ఈరోజు మళ్ళీ అతని వంతు. ఇదే ఆఖరు. సాయంత్రం రాయపూర్ వెళ్ళి విజయనగరం రైలెక్కాలి. అక్కడ బావమరిది చూసిపెట్టిన ఇల్లు మేడ మీద వాటా. పిడికెడు మట్టి ఉండదు. దొంగిలించదగ్గ మొక్క ఒక్కటైనా తన దగ్గర ఉందని ఎవరైనా అనుకోవాలంటే ఈ పూటే అనుకోవాలి.

ఉన్నది ఒకే ఒక్కటి. గోడ వారన, మడుగుకి అవతల, ఇటుక మట్టి గుట్ట మీద మరువం. గుట్ట మీద నీళ్ళు నిలవవు కాబట్టి అది అతని చేతికి దొరక్కుండా బతికిపోయింది. చిన్న చిన్న ఆకులతో దట్టంగా గుబురు కట్టింది.

నాలుగింటికి క్లబ్బు వచ్చింది. ముందు మణిమాల, క్లబ్బు ప్రెసిడెంటు. స్మృతి నగర్‌లో సొంతిల్లు, ఇస్త్రీ నలగని కాటన్ చీర. వెనకాల గురునాథరావు, రిటైరైన ఫోర్‌మన్, నోరు మూతపడని మనిషి. ఇంకో నలుగురైదుగురు.

"ఏటి సూరి భయ్యా, తోటేసినావా, వరి నాటినావా?" అన్నాడు గురునాథరావు నీళ్ళు చూసి.

"కూర్చోండి బాబూ, టీ అట్టుకొత్తాను," అని అప్పలసూరి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

వంటింట్లో టీ మరిగింది. వరలక్ష్మమ్మ వడకట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండే. కొంచెం టైమియ్యి."

"సేదెక్కిపోతాది."

"ఎక్కనీ."

బయట మాటలు ఆగిపోయాయి. అప్పలసూరి చెవులు రిక్కించాడు. ఎవరివో గాజులు గలగలమన్నాయి. తర్వాత బురదలో ఏదో దిగబడినట్టు "పచక్" మని చప్పుడు. వెంటనే ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. వరలక్ష్మమ్మ కిటికీ వైపు అడుగేసింది.

"సూడకు! సూత్తే బతకదు."

"ఎవులో పడిపోయినారేటో అండీ!"

"పడనీ. లేస్తారు."

టీ పట్టుకుని బయటికి వచ్చేసరికి అందరూ ప్లాస్టిక్ కుర్చీల్లో బడిపిల్లల్లా బుద్ధిగా కూర్చుని ఉన్నారు. గురునాథరావు అవసరం లేకపోయినా గట్టిగా చలి గురించి మాట్లాడుతున్నాడు. మణిమాల కాళ్ళు రెండూ చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. ఆవిడ గ్లాసు అందుకోగానే ఘాటుగా, చల్లగా మరువం వాసన గుప్పుమంది.

అప్పలసూరి గోడ వైపు చూపు తిప్పలేదు. ఆవిడ అతని ముఖం వైపు చూడలేదు.

"టీ చాలా బాగుంది, అప్పలసూరి గారూ."

"కాస్త సేదెక్కింది మేడమ్."

"లేదు లేదు. ఇలాగే ఉండాలి."

వెళ్ళేటప్పుడు మణిమాల లేచి గేటు వైపు నడిచింది. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలు బురదతో నల్లగా ఉంది. తల ఎత్తి, సంచి గుండెకు హత్తుకుని, ఊరేగింపులో నడిచినట్టు నడిచింది.

"ఏటి మేడమ్, పాదయాత్రా?" అన్నాడు గురునాథరావు.

"డాక్టరు ఒట్టి కాళ్ళతో గడ్డి మీద నడవమన్నాడు."

గేటు దగ్గర గడ్డి లేదు, కంకర ఉంది. ఆవిడ పళ్ళు బిగించి కంకర మీదే నడిచింది. ఎవరూ నవ్వలేదు. వాళ్ళెక్కిన కారు మలుపు తిరిగాక ఒక్కసారిగా నవ్వులు వినిపించాయి, అందులో మణిమాలదే పెద్ద నవ్వు.

"ఆయమ్మ సెప్పు బురదలో ఉండిపోనాది, పరిగెట్టి ఇచ్చీండి, పాపం," అంది వరలక్ష్మమ్మ.

"ఇత్తే సూసినట్టే గదే," అన్నాడు అప్పలసూరి. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తువ్వాలు తీసేసరికి నవ్వుతున్నాడు.

కాసేపటికి వ్యాను వచ్చింది. మంచం, గిన్నెల మూటలు, ట్రంకు పెట్టె ఎక్కించారు. రుఆబాంధా కాలనీ క్వార్టర్లలో దీపాలు వెలుగుతున్నాయి. పక్క క్వార్టరామె వచ్చి తాళం చెవి తీసుకుంది. ఎదురింటివాళ్ళు చెయ్యి ఊపారు. అప్పలసూరి డ్రైవరు పక్కన కూర్చుని వెనక్కి చూడలేదు. చూస్తే బతకదన్నట్టు మెడ బిగబట్టుకుని కూర్చున్నాడు. వ్యాను కుమ్హారి మీదుగా రాయపూర్ వెళ్ళే రోడ్డెక్కింది.

ఖాళీ క్వార్టరు ముందు, కొన తుంచిన మరువం పక్కన, నల్ల పట్టీల ఆడవాళ్ళ చెప్పు ఒకటి బురదలో సగం దిగబడి ఉంది.