ఆవిడ రోజును తప్పనలేక

"ఒక్క సారీ. చెప్తే నోట్లోంచి ముత్యాలేమైనా రాలిపోతాయా?" అన్నాడు మా ఆయన. ఆయన చొక్కానే ఇస్త్రీ చేస్తున్నాను. అప్పట్లో ఇద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళం. ఆయన లెక్కలు, నేను సోషియాలజీ. పొద్దున్నే ఒకే గేట్లోంచి లోపలికెళ్ళేవాళ్ళం. ఇంట్లో ఇస్త్రీపెట్టె ఎక్కడుంటుందో మాత్రం నాకొక్కదానికే తెలుసు.

జరిగింది ఇంతే. ఇంటిపని కూడా పనే అన్న పాఠం చెబుతూ, మీ అమ్మ రోజంతా ఏం చేస్తుందో చూసొచ్చి చెప్పండర్రా అన్నాను పిల్లలతో. తర్వాతి క్లాసులో రెండో బెంచీ అమ్మాయి లేచింది. "మా అమ్మ అందరికంటే ముందు లేస్తుంది మేడమ్. అందరూ తిన్నాక మిగిలింది తింటుంది. నాన్న పిలిస్తే నోటిదాకా వచ్చిన ముద్ద కంచంలో వదిలేసి పరిగెడుతుంది. ఎందుకమ్మా అంటే, అలవాటే అంది." క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ నాన్న మా కాలేజీ యజమాని.

ఆ మాట ఆయన చెవినపడింది; మర్నాటినుంచి అమ్మాయి రాలేదు. ప్రిన్సిపాల్ నన్ను గదికి పిలిపించాడు. "ఆ పాఠం వదిలేయండి మేడమ్. స్టాఫ్ మీటింగులో పొరపాటైందనండి. అమ్మాయి మళ్ళీ వస్తుంది, మీ ఉద్యోగమూ ఉంటుంది."

"అది సిలబస్‌లో ఉన్న పాఠమే సార్."

"సిలబస్‌లో చాలా ఉంటాయి" అని ఫ్యాను వైపు చూశాడు.

మా అధ్యాపకుల సంఘానికి కార్యదర్శి ఇంగ్లీషు మేడమ్. నేను అక్కా అంటాను. "ఇవాళ దీని పాఠం, రేపు నా పద్యం. మనం క్లాసులో ఏం చెప్పాలో యజమాని ఇంట్లో తేలుస్తారా?" అని స్టాఫ్‌రూమంతా వినబడేలా అరిచింది. అందరూ టీ చల్లారిపోతోందన్నట్టు గబగబా తాగేశారు.

ఇంట్లో అత్తగారు, "పనులు లెక్కేసుకుంటూ కూచుంటే సంసారాలు నిలుస్తాయా అమ్మా?" అంది, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. ఆ మోకాళ్ళు ఎవరి పనికి అరిగాయో అడగాలనిపించింది. కానీ అప్పటికే నా బెంగంతా ఆ పిల్ల మీద ఉంది. నా పంతానికి దాని చదువు పోవాలా? సారీ చెప్పేద్దాం, నోరు ఒక నిమిషం చేదవుతుంది అంతేగా అనుకున్నాను.

మీటింగుకి ముందురోజు సాయంత్రం యజమాని భార్య మా ఇంటికొచ్చింది. బతిమాలడానికే అనుకుని నేనే ముందు, "రేపు చెప్పేస్తానండీ, అమ్మాయిని పంపించండి" అన్నాను. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పకండి" అంది. "ఆ రోజు పిల్ల నా వెనకే తిరిగింది, నేనెప్పుడు కూర్చుంటానా అని. ఇన్నేళ్ళలో నన్నలా చూసినవాళ్ళు లేరు. మీరిప్పుడు పొరపాటంటే, నేను పడ్డదంతా ఉత్తదేనని నలుగురిలో అన్నట్టే."

"మరి అమ్మాయి చదువు?"

"నేను చూసుకుంటా. ఎలాగో తెలీదు. చూసుకుంటా."

మర్నాడు మీటింగులో లేచి, నా పాఠంలో పొరపాటు లేదన్నాను. అక్క ఒక్కతే లేచి నా పక్కన నిలబడింది. నెల తిరక్కుండా నన్ను తీసేశారు. సంఘం తరఫున అక్క కోర్టుకెళ్ళింది, కేసు నడుస్తూనే ఉంది. నా చోట చేరిన కొత్తమ్మాయి ఆ పాఠం జోలికి పోదట. తనని మాత్రం ఏమనగలను? యజమాని భార్య తన మాట నిలబెట్టుకుంది. కూతుర్ని తన సొంతక్క ఇంట్లో ఉంచి ఇంకో కాలేజీలో కామర్స్‌లో చేర్పించింది. క్లాసులో అంత కళ్ళు విప్పుకుని విన్న పిల్ల, ఇక సోషియాలజీ వద్దందట.

మొన్న మా ఆయన కాఫీ తనే కలిపి తెచ్చాడు. "నాకూ ఆ రోజు మీటింగులో లేవాలనే అనిపించిందోయ్" అన్నాడు నేల చూస్తూ. "నామీద కోపమా?"

"లేదు. నేను మాట్లాడుతున్నంతసేపూ మీ కుర్చీ కదులుతుందేమోనని వింటూనే ఉన్నాను" అన్నాను. "ఇప్పుడు వినడం మానేశాను."