చెరిపేసిన బండిదారి

పలాసలో లేఅవుట్ వేయాలంటే మన్మథరావు దగ్గరికే వెళ్లాలని ఇరవై ఏళ్లుగా పేరు. పొలం కొలిచి, ప్లాట్లుగా విడగొట్టి, షీటు గీసి, కింద సంతకం పెట్టడం అతని పని. ఊరికి తూర్పున జీడితోటలు కొట్టేసి వేసిన నాలుగు లేఅవుట్లూ అతను గీసినవే.

ఆ సంగతి తెలియక, పేరు మాత్రం విని, ఆ లేఅవుట్ల వెనక చిక్కుకుపోయిన రైతువీధి వాళ్లు కృష్ణవేణిని అతని ఆఫీసుకు పంపారు. ఆమె జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు వలుస్తుంది. జీడిసొనకు వేళ్ల కొసలు నల్లగా కమిలి ఉన్నాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా వీధి సివర గోడ కట్టీసినారండి. ఇదివరకు అక్కడ బండిదారి ఉండీది. మా అత్తకి వారానికి మూడుపాల్లు డయాలసిస్. ఇప్పుడు సుట్టూ తిరిగెల్లాల. మీరొకపాలి వొచ్చి సూసి, మ్యాపు గీసిత్తే అర్జీ ఎట్టుకుంటాం" అంది.

మన్మథరావు చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేశాడు. ఆ గోడ ఎక్కడుందో అతనికి చూడకుండానే తెలుసు. మూడేళ్ల కిందట సూర్యారావు అనే వ్యాపారి తన లేఅవుట్‌కు ఒకటే గేటు ఉండాలన్నాడు. "ఆ వీధోల్లు మన ప్లాట్ల మధ్యనించి నడుత్తంటే కొనీవోడు కొంటాడేటి?" అన్నాడు. గ్రామపటంలో బండిదారి చుక్కల గీతగా ఉంది. మన్మథరావు కొత్త షీటులో ఆ చుక్కలు వేయలేదు. అరనిమిషం కూడా పట్టని పని అది.

రానని చెప్పడానికి సాకు దొరకలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లాడు.

కృష్ణవేణి అత్త జోగమ్మ ఆస్పత్రికి వెళ్లడానికి అప్పటికే చీర మార్చుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఆస్పత్రి దగ్గరవుతుందని ఉద్దానంలో సొంత ఊరు వదిలి, ఈ వీధిలో ఇల్లు అద్దెకు తీసుకున్నారట. వీధి చివర గోడ నిలబడి ఉంది. అవతల ఆస్పత్రి రోడ్డు మీద వెళ్తున్న ఆటోల హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఆటో ఇంటికాడికి రాదా?" అని అడిగాడు.

"తిప్పుకోడానికి సోటేదండీ? ఒకపాలొచ్చినోడు మల్లీ రాడు" అంది కృష్ణవేణి.

ముగ్గురూ నడక మొదలుపెట్టారు. మొదటి లేఅవుట్‌లో నున్నటి సిమెంటు రోడ్డు కాలువ గట్టు దాకా వెళ్లి ఆగిపోయింది. వంతెన లేదు. వెనక్కి వచ్చారు. రెండోదాని చివర ముళ్లకంచె. మూడోదానిలో రోడ్డు నేరుగా ఒకరి ఇంటి ప్రహరీకి తగిలింది. అన్ని చోట్లకూ వెళ్లక్కర్లేదని కృష్ణవేణికి తెలుసు, కానీ మ్యాపు గీసే మనిషికి అన్నీ చూపించాలని తిప్పింది. జోగమ్మను మాత్రం ప్రతి మలుపులో నీడ చూసి కూర్చోబెట్టింది. ఆఖరికి పాత రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కేసరికి ముప్పావు గంట దాటింది.

జోగమ్మ చీర చెంగుతో ముఖం తుడుచుకుని, "నాగ్గాబట్టి తప్పదు. నిన్ను కూడా ఎండలో తిప్పీసినాం నాయనా, ఏటనుకోకు" అంది.

మన్మథరావు ఆటో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

అత్తను కూర్చోబెట్టాక కృష్ణవేణి సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసింది. సూర్యారావు లేఅవుట్ ప్లాను.

"ఇందులో మా దారి లేనేలేదంట. గీసినోడెవుడో కింద సంతకముంది గానీ, సదవడానికి రాట్లేదు. మీకు తెలుసేటండి?"

తన సంతకమే. వంకర తిరిగిన మకారం, కింద రెండు గీతలు.

"తెలీదమ్మా" అన్నాడు.

ఆటో వెళ్లిపోయింది. ఆ ఒక్క మాట నోటిలోంచి ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. షీటు గీసినప్పుడు వ్యాపారి అడిగాడు గనక చేశాను అనుకోవచ్చు. ఇప్పుడు అబద్ధమాడమని ఎవరడిగారు?

ఆఫీసుకు వచ్చి నాలుగు లేఅవుట్ల షీట్లూ బీరువాలోంచి తీసి, నేల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచాడు. ఇన్నేళ్లలో ఆ పని ఒక్కసారీ చేయలేదు. ఏ షీటుకు ఆ షీటు చక్కగానే ఉంది. కలిపి చూస్తే ఒకదానిలో రోడ్డు మరోదానిలో రోడ్డును ఎక్కడా అందుకోలేదు. ఎవరి భూమి అయిపోయిన చోట వాళ్ల రోడ్డు ఆపేశాడు. ఆ అవతల కూడా మనుషులుంటారని అతని స్కేలుకు తోచలేదు.

సోమవారం రైతువీధి వాళ్లు మన్మథరావును వెంటబెట్టుకుని వెళ్లి, అతను గీసిన మ్యాపుతో మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చారు. అధికారి కాగితాలు తిరగేసి, "పాత పటంలో దారుంది. ప్లానులో ఎందుకు లేదు? ఎవరు గీశారు?" అన్నాడు.

"నేనే సార్" అన్నాడు మన్మథరావు. "దారుందని తెలిసే వదిలేశాను. ఆ సంతకం నాదే. మొన్న ఈవిడ అడిగితే తెలీదని అబద్ధమాడాను."

కృష్ణవేణి అతని వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాడు. ఆమె గొంతు తగ్గించి, "మా అత్త సేత నీకు సమాపణ సెప్పించుకున్నావు గదేటి" అంది. అంతవరకూ మీరు అన్న మనిషి.

నెల తిరక్కుండా గోడను ఆటో పట్టేంత మేర పడగొట్టారు. సూర్యారావు మళ్లీ ఏ పనికీ ఫోను చేయలేదు. మన్మథరావు లైసెన్సు మీద విచారణ మొదలైంది. అడిగినవాటికల్లా ఉన్నదున్నట్టు రాసిచ్చాడు.

మిగతా మూడు చోట్లా అప్పటికే ఇళ్లు కట్టేసుకున్నారు. అయినా కలిపి గీసిన పటం ఒకటి పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, పక్క వీధికి కాస్త దారి వదలమని అడగడం మొదలుపెట్టాడు. చాలామంది తలుపు దగ్గరే పంపేశారు. మూడో లేఅవుట్‌లో కళావతి అనే రిటైరైన టీచరమ్మ మాత్రం పటం అందుకుని, రోడ్డుకు అడ్డంగా ఉన్న తన ఇంటి ప్రహరీ ఎక్కడుందో వేలుతో వెతుక్కుంది.

"ఈ రోడ్డు ముందుకెల్తాదనే కదండీ మాకమ్మినారు. ఎల్లదని మీకప్పుడు తెలీదేటి?"

"తెలుసమ్మా" అన్నాడు. ఆమె కళ్లలోకి చూడలేక పటం వైపే చూస్తూ అన్నాడు.

ఆమె పటం తిరిగి ఇవ్వలేదు. లోపలికి రమ్మనీ అనలేదు. ఆమె జవాబు కోసం అతను గుమ్మం ముందే ఎండలో నిలబడ్డాడు.