నాలుగు వేళ్ళ ఎత్తు

భీమశంకరరావు గారికి పాత లారీ కొత్తగా కావాలి. కొత్తగా అంటే మరీ కొత్తగా కాదు, పాతగానే కొత్తగా కావాలి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళ వేలంలో వాళ్ళ నాన్నగారు కొన్న మొదటి లారీ అది. ఆ ఒక్క బండితో పోర్టులో మొదలైన వ్యాపారం ఈ నలభై ఏళ్ళలో ముప్పై లారీలై, దువ్వాడ అవతల స్టీల్‌ప్లాంటు పనులకి తిరుగుతోంది. నలభయ్యో ఏడు పండగకి ఆ లారీని ఆఫీసు ముందు నిలబెట్టి దండ వెయ్యాలని ఆయన ముచ్చట. రేకులూ రంగులూ వేరేవాళ్ళకి ఇచ్చారు. క్యాబిన్ లోపలి పని మాత్రం కాన్వెంట్ జంక్షన్ దగ్గర కుషన్ షాపు గఫూర్‌కి అప్పగించారు.

ఆయన ఒక ఫోటో కూడా తెచ్చారు. అందులో వాళ్ళ నాన్నగారు తలపాగాతో స్టీరింగు పట్టుకుని, లారీ తనే తయారుచేసినట్టు కూర్చున్నారు. ఈ ఫోటోలో లేనిదేదీ లోపల కనపడకూడదని భీమశంకరరావు గారు రెండుసార్లు చెప్పారు. తర్వాత వచ్చిన డ్రైవర్లు ఎవరికి తోచింది వాళ్ళు పెట్టించుకున్నారనీ, అదంతా పీకి పారెయ్యమనీ అన్నారు. గఫూర్ సరేనన్నాడు.

గఫూర్ తమ్ముడు దావూద్ చనిపోయింది ఆ లారీ తోలుతూనే. భీమశంకరరావు గారికి ఆ సంగతి తెలియక కాదు, గుర్తు లేదు. ముప్పై లారీల ఆసామికి అన్ని చావులూ ఎక్కడ గుర్తుంటాయి. గఫూర్ గుర్తు చెయ్యలేదు. చెయ్యాలని అనిపించలేదు కూడా. పదమూడేళ్ళుగా అతనికి ఏదీ పెద్దగా అనిపించదు. కూతుర్ని అత్తారింటికి పంపిన రోజు వీధి వీధంతా ఏడిస్తే, గఫూర్ మాత్రం షామియానా తాళ్ళు విప్పిస్తూ నిలబడ్డాడు. గుండె గట్టిదని కొందరన్నారు, అసలు గుండే లేదని కొందరన్నారు. ఎవరికీ ఎదురు చెప్పలేదు.

దావూద్ పొట్టి. ఆ లారీకేమో పడవంత బానెట్టు. దాని మీంచి రోడ్డు కనపడక గోనెసంచులు మడతపెట్టి వాటి మీద కూర్చునేవాడు. పోర్టులో డ్రైవర్లు అతన్ని గోనెల దావూద్ అని ఆటపట్టించేవాళ్ళు. డెబ్భై రెండులో, రంజాన్ ముందు, తమ్ముణ్ణి అలా పిలుస్తుంటే విని గఫూర్‌కి రోషం వచ్చింది. సీటు ఊడదీసి, కింద నాలుగు వేళ్ళ ఎత్తున చెక్కపెట్టె బిగించి, పైన కొబ్బరిపీచు దట్టంగా కూరి, ముందంచు జారిపోకుండా గట్టిగా లేపి, ఆకుపచ్చ రెక్సిన్‌తో కుట్టాడు. తనే ఎక్కి కూర్చుని, మూడు పెడళ్ళూ తొక్కి చూసుకుని, బాగుందనుకున్నాడు. గఫూర్ ఆరడుగుల మనిషి. ఆ సీటు మీద కూర్చోవలసినవాడు తను కాదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

దావూద్ పోర్టు చుట్టూ ఒకసారి తిప్పుకుని వచ్చి, ఫస్ట్ క్లాసుగా కుదిరిందన్నాడు. ఆ మాటతో గఫూర్ పొంగిపోయాడు.

బక్రీద్ ఇంకా నాలుగు రోజులుందనగా, తగరపువలస నుంచి గోనెబేళ్ళు వేసుకుని వస్తూ ఆనందపురం దాటాక లారీ కల్వర్టు గోడకి కొట్టుకుంది. బ్రేకు పైపు పగిలిందని పోలీసులు రాసుకున్నారు. అందరూ అదే నమ్మారు. మర్నాడు శవానికి చుట్టే కఫన్ గుడ్డ కొలిచే దాకా గఫూరూ నమ్మాడు. కొలిచి కత్తిరించింది తనే. చేతికి అలవాటైన కొలత తన ఎత్తుదే గనక ఆ లెక్కనే కత్తిరించేశాడు. తమ్ముడికి చుట్టాక పాదాల దగ్గర మూరెడు గుడ్డ మిగిలిపోయింది. ఆ మిగులు పట్టుకుని నిలబడ్డప్పుడు, సీటు కూడా ఇలాగే కొలిచానని అతనికి తెలిసింది. తమ్ముడి కాలు బ్రేకు మీద పూర్తిగా ఆని ఉండదు. పోలీసులు ఏదో ఒకటి రాసుకుని వెళ్ళిపోయారు. చంపింది తనే.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. భార్య చాంద్ సుల్తానాకీ చెప్పలేదు. తమ్ముడి భార్య జైతూన్ బీ అప్పటినుంచీ వాళ్ళింట్లోనే ఉంది. ఆమెకి బట్టకీ తిండికీ ఏ లోటూ రానివ్వలేదు గఫూర్. కాని మొహం చూసి మాట్లాడింది లేదు. ఆమె నేలమీద కూర్చుని, బోర్లించిన పళ్ళెం మీద రొట్టెలు వత్తుతుంటే అతని చూపు గోడ మీద ఉండేది. మరదలి ముందు ఎంత మర్యాదో అని వాళ్ళుండే పాత ఊళ్ళో మెచ్చుకునేవాళ్ళు. అది మర్యాద కాదు, వట్టి భయం.

అందుకే ఈ పని ఒప్పుకున్నాడు. సీటు విప్పితే నిజం తెలుస్తుంది. పదమూడేళ్ళూ ఆ లారీని తన షాపు గుమ్మం తొక్కనివ్వని మనిషి, ఇప్పుడు దాన్ని షాపు ముందే పెట్టించుకున్నాడు.

దావూద్ తర్వాత పన్నెండేళ్ళు ఆ లారీ తోలినవాడు అప్పలసూరి. చూపు మందగించి మానేశాడు. లారీ విప్పుతున్నారని తెలిసి మొదటి రోజే వచ్చి స్టూలు వేసుకుని కూర్చున్నాడు. క్యాబిన్ కప్పుకి వేయించిన ఎర్రపూల రెక్సిన్ ఊడుతుంటే, అది విజయనగరం నుంచి ఎంత కష్టపడి తెచ్చాడో చెప్పాడు. డాష్‌బోర్డు రేకు కోసి బిగించిన టేప్‌రికార్డరు తీస్తుంటే మొహం తిప్పుకున్నాడు. చిన్న ఫ్యాను, పూసల తెర, తలుపులకి అతికించిన నెమళ్ళు, తల మీద సామాన్ల అర, అన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చి తాటాకు చాప మీద పడ్డాయి. ఒక సంసారాన్ని వీధిలో పెట్టినట్టుందన్నాడు అప్పలసూరి. గఫూర్ ఊ కొట్టి, డాష్‌బోర్డు రేకులో పడిన కన్నానికి ఎంత ముక్క అతకాలో కొలుచుకున్నాడు. అసలు రేకుని అంత నిర్దయగా కోసినవాడెవడో మనసులోనే తిట్టుకున్నాడు, అదీ అలవాటు కొద్దీ.

మూడో రోజు పొద్దున్న సీటు దగ్గరికి వచ్చాడు. కుషన్ పనివాళ్ళలో ఒక బద్ధకం ఉంది. పాత తొడుగు పీకరు, దాని మీదే కొత్తది కుట్టేస్తారు. చిరుతపులి మచ్చలది విప్పితే కింద గోధుమరంగుది వచ్చింది. అది విప్పితే ఆకుపచ్చ. ఆకుపచ్చ మీద తన కుట్టు అలాగే ఉంది, ఒక్క దారం పోలేదు. మంచి కుట్టే అనుకున్నాడు. దాన్నీ కోసి, పీచు దులిపి, చెక్కపెట్టె చూశాడు. నాలుగు వేళ్ళ ఎత్తు. టేపు తీసి ముందంచు నుంచి బ్రేకు పెడలు దాకా పట్టాడు. దావూద్ ఎంత పొట్టో పదమూడేళ్ళుగా అతనికి కంఠతా వచ్చు. లెక్క చూసుకున్నాడు. కాలు అందదు. మళ్ళీ కొలిచాడు. అందదు.

నిజం తెలిస్తే ఏదో అవుతుందనుకున్నాడు. ఏమీ కాలేదు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

“ఏటి బావా, బ్రేకుని అలా కొలుత్తన్నావ్?” అన్నాడు అప్పలసూరి.

గఫూర్ ఎవరి సంగతో చెప్పినట్టు అన్నాడు. “ఈ సీటు మీద కూకుంటే మా దావూద్ కాలు బ్రేకుకి అందదు సూరీ. కొలత నానే తప్పట్టేను.”

“అందకపోడమేటి? సెక్కలుండేవి కదా.”

గఫూర్ తలెత్తాడు. అప్పలసూరి స్టూలు మీంచి లేచి, చాప మీద తన సామాన్లలో తడుముకుని ఒక రేకు డబ్బా తీశాడు. అడుగున, మేకుల కింద, మూడు చెక్కముక్కలున్నాయి. ఒక్కోటీ నాలుగు వేళ్ళ మందం, రెండేసి పలకలు కలిపి బిగించినవి. చుట్టూ ట్యూబు రబ్బరు, ఇనపతీగ.

కల్వర్టు దగ్గరనుంచి బండిని లాక్కొచ్చిన రోజు తను అక్కడే ఉన్నానని అప్పలసూరి చెప్పాడు. మూడు పెడళ్ళకీ మూడు చెక్కలు కట్టి ఉన్నాయి. తన కాళ్ళు పొడుగు గనక ఊడదీసి దాచాడు. దావూద్ తీగ ఎంత బిగువుగా చుట్టాడో, పట్టకారుతో విప్పేసరికి వేళ్ళు తెగాయట. బ్రేకు చెక్క ఇంతైనా పక్కకి జరగలేదు. “పైపే పోయింది బావా. ఈ కళ్ళతో సూసేను. నీకెవలూ సెప్పనేదా?”

ఎవరైనా చెప్పడానికి గఫూర్ అడిగితే కదా. బ్రేకు చెక్క మధ్యలో నునుపుగా అరిగి ఉంది, చిన్న పాదం అంత మేర. గఫూర్ బొటనవేలు అక్కడ పెట్టి ఉంచాడు.

మూడు ముక్కలూ సంచిలో వేసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాడు. చాంద్ సుల్తానా బజారుకి వెళ్ళింది. జైతూన్ బీ వంటింటి గుమ్మంలో, బోర్లించిన పళ్ళెం మీద రొట్టె వత్తుతోంది. గఫూర్ సంచి విప్పి ముక్కల్ని ఆమె ముందు నేలమీద పెట్టాడు.

ఆమె పిండి చేతులు కొంగుకి తుడుచుకుంది. తీగలు విప్పి పలకల్ని విడదీసింది. ఏ ముక్క ఎక్కడిదో ఆలోచించకుండానే అంచుకి అంచు చేర్చింది. ఒక పక్క కొంచెం వెలితి తప్ప, నేలమీద గుండ్రంగా రొట్టెల పీట తయారైంది.

“మన పీట,” అంది. “రంజాన్‌లో మీ తమ్ముడు కోసేరు. కాళ్ళందట్లేదని భాయ్‌జాన్‌కి సెప్పకు, మళ్ళీ అంతా ఇప్పేసి కూకుంటాడు, అంత ముచ్చటగా కుట్టేడు, అన్నారు. ఆరు సెప్పొద్దన్న మాట గదా, నాను సెప్పనేదు.”

గఫూర్ గోడకి ఆనుకుని, అలాగే కిందికి జారి నేలమీద కూర్చున్నాడు. ఆమె ముందు అతను కూర్చోవడం అదే మొదటిసారి.

“నా సీటే ఆడ్ని సంపేసిందనుకున్నానమ్మా,” అన్నాడు. “నీ మొహం ఎలా సూడను?”

జైతూన్ బీ పీట వైపే చూస్తోంది. అప్పడాల కర్ర చేతిలోకి తీసుకుంది.

“అందుకా,” అంది. “నాను ఈ ఇంట్లో అడుగెట్టిన ఏళ మంచిది కాదనుకుంతన్నారనుకున్నాను. నా వల్లే ఆరు పోయేరని, అందుకే నాకేసి సూడరని. నిజవే కామోసని నానూ అలాగే అనుకున్నాను. పదమూడేళ్ళూ.”

అప్పుడు గఫూర్ ఆమె మొహం చూశాడు. పాతికేళ్ళ పిల్ల మొహమే అతనికి గుర్తు. ఎదురుగా ఉన్నావిడకి చెంపలు నెరిసిపోయాయి. చంపింది తను కాదు. కాని పోయిన తమ్ముడి బతుకు పక్కనే, తన చేతుల్లోంచి ఈమె బతుకూ వెళ్ళిపోయింది. ఆమెనీ తన కొలతతోనే కొలిచాడు, ఒక్క మాట అడగకుండా. ఆ సంగతి తలకెక్కగానే గుండెల్లో నొప్పి లేచింది. తిమ్మిరెక్కిన కాలు తిరిగి మన కాలవుతున్నప్పుడు లేచే నొప్పి లాంటిది, అంగుళం కదిలితే ఓర్చుకోలేనిది. కదలకుండా కూర్చున్నాడు.

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. జైతూన్ బీ దాన్ని తీసి పక్కన పడేసింది. నేలమీది ముక్కల్ని తడిగుడ్డతో తుడిచింది. అవి కదిలిపోకుండా రెండు పక్కలా రెండు మోకాళ్ళూ ఆనించి, ఇంకో ఉండ తీసుకుని వాటి మీద వత్తడం మొదలుపెట్టింది. అతుకుల దగ్గర పిండి అంటుకుని రొట్టె వంకరగా వచ్చింది. దాన్నే కాల్చి పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. గఫూర్ తుంచి నోట్లో పెట్టుకోగానే ఏడుపొచ్చేసింది.