వల లాగేముందు టీ

శుక్రవారం సూరన్న పెద్దపేగు కోసి తీసేస్తారు. ఆ తర్వాత మలం పోవడానికి పొట్టకు సంచీ. ఆ సంచీతో అతన్ని బోటెక్కించుకునే ఓనరు విశాఖ ఫిషింగ్ హార్బర్ మొత్తం వెతికినా దొరకడు.

అది తెలిసి కూడా సూరన్న ఆస్పత్రి మంచం మీద కూర్చుని, పక్క మంచం ముసలాయనకు కోనాం చేప ఎలా కోయాలో చెబుతున్నాడు.

"మావా, కాసేపు నోరు మూసుకో. డాక్టరమ్మ వత్తంది," అంది అతని పెళ్లాం కాసులమ్మ.

డాక్టర్ గౌరీశ్వరి ముఖంలో నవ్వు లేదు. "చేపల వేట నిషేధం రెండు నెలలూ ఇంటి దగ్గరున్నప్పుడు నీ పేగు మానుతూ వచ్చింది. జూన్‌లో సముద్రం మీదికెళ్లావు, పుండ్లు మళ్లీ లేచాయి. మాత్రలు మానేశావా?"

"కూతురి నెత్తి మీద సెయ్యెట్టి ఒట్టేయించిందమ్మా ఇది. మీరిచ్చిన మాత్ర మానింది లేదు, ఇంకోటి మింగింది లేదు."

"తుపానొస్తే ఏం చేస్తారు మీరు?"

"వల కోసి వదిలేత్తాం. నీళ్లు తోడతాం."

"పేగు గోడలో కణాలూ అంతే. దెబ్బ తగిలితే రోజువారీ పని ఆపేసి, ముందు తమను తాము బాగుచేసుకుంటాయి. ఆ తర్వాత పక్కకు పాకి పుండును కప్పుతాయి. మన మందు వాటికి కాస్త వ్యవధి ఇస్తుంది. దెబ్బ మీద దెబ్బ పడితే మాత్రం చచ్చిపోతాయి. ఏదో కొడుతోంది సూరన్నా, పదేపదే."

ఇంట్లో మానిన పేగు బోటు మీద పుండవుతోంది. కాసులమ్మ చెప్పులేసుకుంది.

ఆమె తమ్ముడు దుర్గారావుదీ అదే బోటులో పని, వంట కూడా వాడిదే. జెట్టీ మీద ఐసు దింపుతున్నవాడిని రెక్క పట్టి పక్కకు లాగింది.

"మీ బావకి బోటు మీద ఏటెడతన్నావురా?"

"గంజేనప్పా. కారం వాసన కూడా తగలనివ్వలేదు."

"సారా?"

"సీ! ఆ సీసా ముట్టుకోడు."

"ఇంకేటి?"

"టీ," అని తల దించుకున్నాడు.

వల లాగేముందు ప్రతి బోటు మీదా టీతో పాటు తలా ఒక నొప్పి మాత్ర పంచుతారు. అది లేకపోతే నడుములు లేవవు. వీళ్ల బోటులో పంచేది దుర్గారావే.

"ఆ మాత్ర మీ బావ మింగడు కదరా!"

"మింగడప్పా! వల లాగి లాగి నడుం పట్టేసి పొర్లిపోయేవోడు. ఇత్తే, ఒట్టుంది తియ్యిరా అనేవోడు. సూళ్లేక పొడి సేసి టీలో కలిపినాను. తెలీకుండా తాగితే ఒట్టు తప్పినట్టు కాదు గదా!"

"ఎన్ని మాట్లు?"

"లాగినప్పుడల్లా."

కాసులమ్మ చెయ్యెత్తింది. వాడి కళ్లు అప్పటికే నిండిపోయాయి. ఎత్తిన చెయ్యి వాడి చెయ్యినే పట్టుకుంది. "పద. నీ నోటితోనే సెప్పు."

డాక్టరమ్మ అంతా విని కుర్చీలో వెనక్కి వాలింది. "ఆ మాత్ర పేగు గోడకున్న రక్షణనే బలహీనం చేస్తుంది. కొందరిలో ఈ జబ్బును రేపుతుంది. అదొక్కటే కారణమని నేను చెప్పలేను. శుక్రవారం ఆపరేషన్ వాయిదా వేస్తాను. విరేచనాల్లో రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా ఇంక ఆగను, కోసేస్తాను."

దుర్గారావు వార్డు గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు.

"ఒరే బామ్మర్దీ! అక్కడ నిలబడి ఏటి సేత్తన్నావ్? టీ తే!" అని కేకేశాడు, సంగతంతా అప్పటికే విన్న సూరన్న. "ఈసారి పంచదారే ఎయ్యి."

వార్డంతా నవ్వింది. దుర్గారావు మాత్రం గ్లాసు తెచ్చి, ముందు తానొక గుక్క తాగి చూపించి, అప్పుడు బావకిచ్చాడు.

రక్తం తగ్గింది, తర్వాత ఆగింది. జ్వరం రాలేదు. సూరన్న ఇంటికెళ్లి మాత్రలు మింగుతూ, నడుం నొప్పికి వేణ్నీళ్ల కాపడంతో సరిపెట్టుకున్నాడు.

వానలు వెనకబట్టాక, పేగులోకి గొట్టం పంపి చూసే పరీక్ష మళ్లీ చేశారు. ఎన్నడూ లేనిది, డాక్టరమ్మ కాసులమ్మను లోపలికి పిలిచింది. తెర మీద, ఇంతకుముందు నెత్తుటి గుంటలున్న చోట, పలచని గులాబీ పొర నిగనిగలాడుతోంది.

"ఇది కొత్త సర్మమా అమ్మా?"

"చర్మం లాంటిదే. పుండు అంచుల్లోని కణాలు పాకి కప్పేశాయి. ఇంకా బలపడాలి, మాత్రలు మానకూడదు. పేగు తియ్యక్కర్లేదు."

కాసులమ్మ తెరకు దగ్గరగా వంగింది. అప్పుడే పుట్టిన బిడ్డ పెదవిలా ఉంది. ఊపిరి తగిలినా చిరిగిపోయేలా ఉంది. చేత్తో వెతుక్కుని, పరీక్ష బల్ల మీదున్న మొగుడి పాదం పట్టుకుంది.

"కదలకు మావా," అంది గుసగుసగా.

సూరన్న కదలలేదు.