గిన్నె మూత కింద

చిగుసా రాస్తున్న కంప్యూటర్ ఆటలో సముద్రం అడుగున ఒక అమ్మవారు ఉంటుంది. మునిగిపోయినవాళ్ల ఊపిరిని ఆమె గవ్వల్లో దాచి ఉంచుతుంది. ఒడ్డున ఇంటివాళ్లు వాళ్లకోసం రోజూ అన్నం వడ్డించినంతకాలం ఆ గవ్వలు మూసుకోవు. తెర మీద బొమ్మలు చూస్తూ, మాటలు చదువుకుంటూ ముందుకు సాగే విజువల్ నావెల్ అది. ఆటను తయారుచేస్తున్న టోక్యో కంపెనీవాళ్లకు ఆ అమ్మవారు తెగ నచ్చింది.

అమ్మవారిని చిగుసా కల్పించింది. అన్నం మాత్రం వాళ్లింటిదే.

అన్నయ్య ఇసావో స్క్విడ్ వేటకు వెళ్లి తిరిగిరాలేదు. పడవ చెక్కలు దొరికాయి, మనిషి దొరకలేదు. అప్పట్నుంచి తల్లి ఫుమియె సాయంత్రం పూట అతని చోట అన్నం, సోయా ముద్దతో కాచే మిసో చారు పెడుతుంది. కాసేపాగి చారు గిన్నె మూత తీసి చూస్తుంది. మూత లోపల నీటిచుక్కలు ఉంటే మనిషి ఎక్కడో బతికున్నట్టు. ఆ తీరంలో పాతకాలం నుంచీ ఉన్న నమ్మకమే. ఇసావో గిన్నె మూతకు చుక్కలు పట్టని రోజు లేదు.

సెలవుకు ఇంటికొచ్చిన చిగుసా లాప్‌టాప్‌ను బల్ల మీద తెరిచే ఉంచి స్నానానికి వెళ్లింది. వచ్చేసరికి తల్లి కళ్లద్దాలు పెట్టుకుని దాని ముందు కూర్చుని ఉంది.

"ఇది మన రేవే కదే! బొమ్మ గీసినవాడెవడో గానీ చేపల షెడ్డు బాగుచేయించి మరీ గీశాడు. కారే రేకులేవీ?"

చిగుసా నవ్వబోయి ఆగిపోయింది. తెర మీద, కథలోని తల్లి చారును మళ్లీ మరిగించి, సలసల కాగుతుండగానే గిన్నెలో పోసి మూత పెడుతోంది. బొమ్మ కింద అక్షరాలు: 'ఆవిరి ఉన్నంతసేపూ కొడుకు ఉంటాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.'

"అమ్మా, అదింకా ఖాయం కాలేదు. తీసేస్తాను."

"ఎప్పట్నుంచి చూస్తున్నావే?"

"ఏంటి?"

"నేను మళ్లీ పొయ్యి వెలిగించడం."

చిగుసా తడి జుట్టును తువ్వాలుతో తుడుచుకోసాగింది.

"మీ నాన్నక్కూడా తెలీదనుకున్నా, పోయేముందు ఆయనే చెప్పేదాకా." ఫుమియె కళ్లద్దాలు తీసి నడుముకు కట్టుకున్న ఏప్రన్‌కు తుడుచుకుంది. "మరి నీ అమ్మవారికి తెలుసా, ఈవిడ చేసే పని?"

"తెలుసు. తెలిసీ ఊరుకుంటుంది."

"మంచిదే పాపం. తీసెయ్యకు, ఉండనీ."

ఆ సాయంత్రం చారు పొయ్యి మీదే చల్లారిపోయింది. ఫుమియె దాన్ని అలాగే గిన్నెలో పోసి, మూత పెట్టి, కొడుకు చోట ఉంచింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బయట పొగమంచులో రేవు కనబడడం లేదు. కాసేపటికి ఆమె చెయ్యి మూత మీదికి వెళ్లింది.

"ఉండమ్మా!" చిగుసా గిన్నె లాక్కుంది. "చల్లగా ఉంది. అన్నయ్య చల్లటి చారు ఎప్పుడైనా తాగాడా?"

పొయ్యి వెలిగించింది. చారు మరిగేదాకా తల్లి ఆమె వీపు వైపే చూస్తూ ఉండిపోయింది. పొగలు కక్కుతున్న చారును చిగుసా గిన్నెలో పోసి, మూత పెట్టి తెచ్చి ముందుంచింది.

ఇద్దరూ కాసేపు ఆగారు. ఫుమియె మూత తీసింది. ఒక చుక్క జారి బల్ల మీద పడింది.

"ఉన్నాయి," అంది ఆమె, మూత లోపలికి చూడకుండానే.